రవ్వ చాలదు, మంట కావాలి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. క్యాంపింగ్‌కు, సంచి వీపున వేసుకుని రోజుల తరబడి నడిచే ట్రెక్‌లకు నిప్పు కోసం ఏం తీసుకెళ్లాలి? కొత్తవాళ్లను బృందాలుగా కొండల్లో నడిపించడం నా పని. చలిలో, వానలో, చీకటి పడే వేళ ఎవరి చేతిలో ఏది వెలిగిందో, ఏది మొండికేసిందో దగ్గరుండి చూడటం ఆ పనిలో భాగం. అలా చూసినదాన్ని బట్టే ఈ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేనూ మావారూ మొదటిసారి నాలుగు రోజుల ట్రెక్‌కు వెళ్తున్నాం. టెంట్, చిన్న గ్యాస్ స్టవ్ కొనుక్కున్నాం. నిప్పు దగ్గరే తేలడం లేదు. గీస్తే రవ్వలు రాలే లోహపు కడ్డీ, అదే ఫెర్రో రాడ్ కొనండి, తడిసినా పనిచేస్తుంది, ఏళ్ల తరబడి అరగదు అని తెలిసినవాళ్లు చెప్పారు. లైటర్‌ను నమ్ముకోవద్దని కూడా అన్నారు. అందరి మాటలూ విన్నాక టెన్షన్ పెరిగింది తప్ప తగ్గలేదు. ఒక్కటే కొనాలంటే ఏది కొనమంటారు?

జవాబు: ఒక్కటే అయితే మామూలు గ్యాస్ లైటర్ కొనండి. బొటనవేలితో ఇనప చక్రం తిప్పితే వెలిగేది. మీకు సలహా ఇచ్చినవాళ్లు దీనికి ఒప్పుకోకపోవచ్చు. నా కారణాలు చెబుతాను, మీరే ఆలోచించుకోండి.

నిప్పు సాధనాల్లో కొన్ని రవ్వనిస్తాయి, కొన్ని మంటనిస్తాయి. ఫెర్రో రాడ్, చెకుముకి రవ్వనిచ్చేవి. లైటర్, అగ్గిపుల్ల మంటనిచ్చేవి. రవ్వ ఎంత వేడిగా ఉన్నా దాని ఆయుష్షు రెప్పపాటే. అది పడిన చోట పొడిగా, మెత్తగా, గాలి ఆడేలా విప్పిన దూదో పీచో సిద్ధంగా ఉండాలి. ట్రెక్‌కు వెళ్లేవాళ్లు దాన్నే టిండర్ అంటారు. అది లేకపోతే ఎన్ని రవ్వలు కురిసినా వృథా. లైటర్ మంటనైతే ఒక సన్నటి పుల్ల కింద పది సెకన్లు పట్టుకోగలరు. ముందు పుల్లలోని చెమ్మ ఆరుతుంది, తర్వాత పొగ వస్తుంది, ఆపైన అంటుకుంటుంది. టిండర్ అంత బాగా లేకపోయినా, పుల్లలు కొంచెం తడిగా ఉన్నా, మీకు అలవాటు లేకపోయినా పని జరుగుతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు కావాల్సింది ఈ వెసులుబాటే.

రాడ్ తడిసినా పనిచేస్తుందన్న మాట నిజమే. నీళ్లలో ముంచి తీసి, తుడిచి గీస్తే రవ్వలు వస్తాయి. అయితే వానలో తడిసేది రాడ్ ఒక్కటే కాదు. చుట్టూ ఉన్న ఆకులు, పుల్లలు, జేబులో ఉన్న దూది అన్నీ తడుస్తాయి. రాడ్ రవ్వలిచ్చినా తడిసిన దూదిని ముట్టించలేం.

లైటర్‌కు ఉన్న లోపాన్ని కూడా దాచను. చలికి వేళ్లు మొద్దుబారితే బొటనవేలు ఆ చిన్న చక్రాన్ని తిప్పలేదు. నా బృందంలో కొత్తవాళ్ల చేత బయల్దేరే ముందే ఒక పని చేయిస్తాను. చల్లటి నీళ్లలో చెయ్యి కాసేపు ముంచి, తీసిన వెంటనే లైటర్ వెలిగించమంటాను. ఇంట్లో సోఫాలో కూర్చుని సులువుగా వెలిగించినవాళ్లు కూడా అప్పుడు తడబడతారు. మీరిద్దరూ ఇది చేసి చూడండి. కొన్ని లైటర్లకు పిల్లలు వెలిగించకుండా చక్రం మీద రేకు అడ్డుగా ఉంటుంది. ఇంట్లో పిల్లలుంటే అది మంచిదే, ఉండనివ్వండి. కాకపోతే కొన్నింటిలో ఆ రేకు మరీ బిగుతుగా ఉంటుంది. కొనే ముందు మీ వేలికి ఏది లొంగుతుందో చూసుకోండి.

ఫెర్రో రాడ్ గెలిచేది ఇక్కడే. దాన్ని గుప్పిటతో పట్టుకోవచ్చు, భుజం బలంతో లాగవచ్చు. వేళ్లు వంగకపోయినా పని అవుతుంది. అందుకే దాన్ని వద్దనను, రెండో సాధనంగా తప్పక తీసుకెళ్లమంటాను. పైగా మీ దగ్గర గ్యాస్ స్టవ్ ఉంది. గ్యాస్‌కు టిండర్ అక్కర్లేదు. గ్యాస్ కొంచెం తిప్పి, బర్నర్ అంచున రాడ్ గీస్తే ఒక్క రవ్వకే అంటుకుంటుంది. స్టవ్‌కే బిగించి వచ్చే బటన్, నొక్కితే టక్కుమనేది, కొన్నాళ్లకు మూగబోతుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

కాబట్టి లైటర్లు రెండు, రాడ్ ఒకటి తీసుకెళ్లండి. మూడూ కలిపినా పెద్ద బరువేమీ కాదు. ఒక లైటర్ మీ జేబులో, ఇంకోటి గాలి పోని ప్లాస్టిక్ కవర్లో కట్టి మీవారి సంచిలో, రాడ్ వంట సామాను దగ్గర ఉండాలి. మూడింటినీ ఒకే సంచిలో పెట్టకండి. వాగు దాటేటప్పుడు జారే సంచి అదే అయితే మీ దగ్గర ఏమీ మిగలదు.

లైటర్ ఎంపికలో నేను చూసేవి కొన్ని చెబుతాను. లోపల గ్యాస్ ఎంతుందో పైకి కనబడాలి. రంగు ఎర్రగానో పసుపుగానో ఉండాలి, ఎండుటాకుల్లో పడితే దొరకాలి కదా. బటన్ నొక్కితే కరెంటు రవ్వ పుట్టేది వద్దు, చక్రం ఉన్నదే కావాలి. గ్యాస్ వదిలే మీట కింద ఒక ప్లాస్టిక్ ట్యాగ్ కానీ, రబ్బరు బ్యాండ్ మడత కానీ ఇరికించండి. సంచిలో సామాను ఒత్తిడికి మీట నొక్కుకుపోయి గ్యాస్ అంతా పోకుండా అది కాపాడుతుంది. సగం వాడిన లైటర్ ఇంట్లో ఉంటే దాన్ని ఇంట్లోనే ఉంచి, ట్రెక్‌కు కొత్తది తీసుకెళ్లండి.

ప్రశ్న: అక్కా, మంచి ఫెర్రో రాడ్ అని చెబితే కొన్నాను. మేడ మీద కూర్చుని ఎంత గీసినా రెండు మూడు రవ్వలకు మించి రావడం లేదు. ఒకసారి బాగా వచ్చాయి కానీ పేర్చిన ఎండుటాకులు అంటుకోలేదు, పైగా చెయ్యి తగిలి చెల్లాచెదురయ్యాయి. రాడ్ నకిలీదా?

జవాబు: నకిలీది కాకపోవచ్చు తమ్ముడూ. కొత్త రాడ్ మీద సాధారణంగా నల్లటి పూత ఉంటుంది. తుప్పు పట్టకుండా వేసింది అది. దాని మీద గీసినంతసేపూ పూతే రాలుతుంది. ఒక పక్క గట్టిగా గీకి ఆ పూత తీసేయి. కింద వెండిలా మెరిసే లోహం కనబడ్డాక గీస్తే రవ్వలు వాటంతట అవే వస్తాయి.

ఆ లోహం ఏమిటో తెలిస్తే గీసే పద్ధతి కూడా అర్థమవుతుంది. ఇది చెకుముకి రాయి కాదు. సీరియం, లాంథనం వంటి లోహాలకు ఇనుము కలిపి చేసిన మిశ్రమం. ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ 1903లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. చక్రం తిప్పే లైటర్లో ఉండే చిన్న రాయి కూడా ఇదే పదార్థం. సీరియం చాలా తక్కువ వేడికే అంటుకుంటుంది. పదునైన అంచుతో గీకితే లేచే సన్నటి తురుము ఆ రాపిడి వేడికే గాలిలో మండిపోతుంది. ఆ రవ్వ వేడి 3000 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. అంటే రాడ్‌ను రుద్దితే చాలదు, దాని నుంచి తురుము లేపాలి. అంచు మొండిదైతే తురుము లేవదు. కత్తితో గీసేటట్టయితే పదును వైపు కాదు, వీపు వైపు వాడాలి. ఆ వీపు గుండ్రంగా నున్నగా ఉంటే పనికిరాదు, పలకలా తొంభై డిగ్రీల అంచు ఉండాలి. రాడ్‌తో పాటు వచ్చిన ఇనప పట్టీకి కూడా ఒక అంచే పదునుగా ఉండొచ్చు. అటూ ఇటూ తిప్పి చూడు.

ఇక చెయ్యి తగిలి ఆకులు చెదరడం. చాలామంది రాడ్‌ను కదలకుండా పట్టుకుని కత్తిని ముందుకు తోస్తారు. ఆ ఊపు నేరుగా టిండర్ మీదికే వెళ్తుంది. దాన్ని తిరగేసి చెయ్యి. రాడ్ కొనను టిండర్ మధ్యలో ఆనించు. కత్తి వీపును రాడ్ మీద నొక్కి, కత్తి ఉన్న చెయ్యిని కదలనివ్వకు. ఇప్పుడు రాడ్‌ను నీ వైపు వెనక్కి లాగు. రవ్వలు పడాల్సిన చోటే పడతాయి, టిండర్ కదలదు. వేగంగా గీస్తే సన్నటి రవ్వలు చాలా వస్తాయి, చూడటానికి అందంగా ఉంటాయి. నిదానంగా, గట్టిగా నొక్కి లాగితే లావుపాటి రవ్వలు తక్కువగా వస్తాయి, కానీ పడ్డ చోట కాసేపు మండుతాయి. మనకు పనికొచ్చేవి ఈ రెండో రకం.

ఎండుటాకులు అంటుకోకపోవడంలో నీ లోపం ఏమీ లేదు. ఆకు పలకలా ఉంటుంది, రవ్వ దాని మీద నిలవకుండా జారిపోతుంది. రవ్వకు సన్నటి పోగులు కావాలి. నేను ఎప్పుడూ తీసుకెళ్లేది వాజెలిన్ రాసిన దూది. మామూలు దూది భగ్గుమని క్షణాల్లో ఆరిపోతుంది. వాజెలిన్ పట్టిన దూది దీపం వత్తిలా నిమిషాల పాటు మండుతుంది. వాడే ముందు దాన్ని విప్పి, పొడి పోగులు పైకి వచ్చేలా సాగదియ్యాలి. ముద్దలా ఉంచితే రవ్వ దిగదు. ఒక చిన్న మూత డబ్బాలో ఇలాంటి ఉండలు పది పట్టుకెళ్తే వారం ట్రెక్‌కు దండి. జనపనార తాడు ముక్క కూడా మంచిదే. పురి విప్పి, పోగులు విడదీసి, పిచ్చుక గూడంత ఉండ చేసి దాని మీద గీస్తే పట్టుకుంటుంది. సైకిల్ ట్యూబ్ ముక్కలు తడిలో కూడా మండుతాయని చెబుతారు. నిజమే, కానీ రబ్బరు రవ్వకు అంటుకోదు, దానికి మంటే కావాలి. అది లైటర్‌కు జోడీ, రాడ్‌కు కాదు.

మరీ సన్నటి రాడ్ కొనకు. ఈ లోహం పెళుసు, కింద పడితే విరుగుతుంది. ఎనిమిది, పది మిల్లీమీటర్ల లావు ఉన్నది చేతికి కూడా బాగా పట్టు దొరుకుతుంది. సముద్రపు గాలికి, చెమటకు ఇది తుప్పు పట్టి పొడిపొడిగా రాలిపోతుంది. ఏళ్ల తరబడి ఉంటుందని చెప్పేవాళ్లు ఈ సంగతి చెప్పరు. వాడాక పొడిగా తుడిచి, కాస్త నూనె పూసి దాచుకో. తడి గుడ్డలో చుట్టి వదిలెయ్యకు.

మేడ మీద ఎండలో మంట పుట్టించడం వచ్చేశాక, ఒకసారి సన్నటి తుంపర పడుతున్నప్పుడు కూడా ప్రయత్నించు. అప్పుడూ వస్తే దాన్ని నమ్ముకుని వెళ్లొచ్చు.

ప్రశ్న: ఎత్తయిన కొండ మీద తెల్లవారుజామున స్టవ్ వెలిగిద్దామంటే లైటర్ అసలు పలకలేదు. గ్యాస్ నిండుగా కనబడుతూనే ఉంది. పక్క టెంట్ వాళ్ల జెట్ లైటర్ కూడా వెలగలేదు. కారణం ఏమిటి?

జవాబు: లైటర్లో ఉన్నది బ్యూటేన్. ఒత్తిడిలో ఉండటం వల్ల ద్రవంగా ఉంటుంది. మీట నొక్కినప్పుడు ఆవిరై బయటికి వస్తేనే మంట. మామూలు బ్యూటేన్ మరిగే స్థానం దాదాపు సున్నా డిగ్రీలు, కచ్చితంగా చెప్పాలంటే మైనస్ 0.5. లైటర్ అంతకంటే చల్లబడితే లోపల ద్రవం కనబడుతూనే ఉంటుంది కానీ బయటికి తోసే ఒత్తిడి ఉండదు. మీకు జరిగింది అదే. ఐసోబ్యూటేన్ కలిసిన ఇంధనం ఇంకా చలిలో కూడా ఆవిరవుతుంది, దాని మరిగే స్థానం మైనస్ 12 దగ్గర.

చెయ్యాల్సింది తేలిక. రాత్రి పడుకునేటప్పుడు లైటర్‌ను స్లీపింగ్ బ్యాగ్ లోపలే ఉంచుకోండి. పగలు చొక్కా లోపలి జేబులో, ఒంటికి ఆనేలా పెట్టుకోండి. చల్లబడిన లైటర్‌ను గుప్పిట్లోనో చంకలోనో కాసేపు ఉంచితే ప్రాణం వస్తుంది. పొయ్యి మీద, వేడి గిన్నె మీద పెట్టి వేడి చేయడం మాత్రం చాలా ప్రమాదం, ఆ పని చేయకండి.

జెట్ లైటర్‌కు ఎత్తు కూడా శత్రువే. గ్యాస్, గాలి ఒక కొలతలో కలిసి సన్నటి ధారగా వచ్చేలా దాన్ని తయారుచేస్తారు. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి ఆ కొలత చెడుతుంది. దాన్ని వెలిగించే కరెంటు రవ్వ కూడా ఎత్తులో నమ్మదగ్గది కాదు. చక్రం లైటర్ అక్కడ కూడా కాస్త బతిమాలితే వెలుగుతుంది. గాలిలో ఆరిపోదని జెట్ లైటర్ కొంటారు. కింద మైదానంలో అది బాగానే ఉంటుంది. ఎత్తుకు వెళ్లేవాళ్లు మాత్రం దాని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. మూత తీసి వెలిగించే పెట్రోలు రకం లైటర్, జిప్పో లాంటిది, గాలికి బాగా తట్టుకుంటుంది. కానీ దాని ఇంధనం వాడకపోయినా ఆవిరైపోతూ ఉంటుంది. బయల్దేరే రోజు నింపుకోవాలి. పొడవైన ట్రెక్‌లో చివరి రోజులకు ఖాళీ అవుతుంది కాబట్టి నేను తీసుకెళ్లను.

ప్రశ్న: లైటర్ నీళ్లలో పడితే ఇక పనికిరాదా? అగ్గిపెట్టెను తడవకుండా ఎలా కాపాడాలి?

జవాబు: లైటర్ పనికొస్తుంది. బాగా విదిలించి, చక్రం దగ్గర నోటితో గట్టిగా ఊది, పొడి బట్ట మీద చక్రాన్ని ఒకే వైపు మెల్లగా దొర్లించండి. లోపలి రాయి, చక్రం గాళ్లు ఆరగానే రవ్వ వస్తుంది. కంగారుపడి తడి చక్రాన్ని అదే పనిగా తిప్పితే రాయి నాని, పిండిలా అరిగి గాళ్లలో ఇరుక్కుంటుంది.

అగ్గిపెట్టె విషయంలో అందరూ పుల్లల్నే కాపాడతారు. సేఫ్టీ అగ్గిపుల్ల తలలో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. దాన్ని ముట్టించే ఎర్ర భాస్వరం పుల్లలో ఉండదు, పెట్టె పక్క పట్టీలో ఉంటుంది. స్వీడన్‌లో 1844లో గుస్తాఫ్ ఎరిక్ పాష్ చేసిన మార్పు ఇదే. భద్రత కోసం రెండింటినీ వేరు చేశాడు. కాబట్టి పుల్లలన్నీ పొడిగా ఉన్నా పట్టీ చెమ్మగిల్లితే ఏం లాభం లేదు. ఆ పట్టీని కత్తిరించి, పుల్లల తలలకు తగలకుండా విడిగా చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రెండింటినీ బిగుతు మూత డబ్బాలో వేయండి. ట్రెక్కింగ్ సామాన్ల షాపుల్లో తుపాను అగ్గిపుల్లలు దొరుకుతాయి. లావుగా మందు పూసి ఉంటాయి. మంచివి పదిహేను సెకన్ల దాకా గాలిలో, చినుకులో కూడా ఆరకుండా మండుతాయి. మూడో ఏర్పాటుగా అవి ఉంటే నాకు ధైర్యం. మండుతున్న వాటిని నేల మీద పడేసి వెళ్లిపోవద్దు. అంత తేలిగ్గా ఆరవు, గడ్డి అంటుకుంటుంది.

ప్రశ్న: ఛార్జింగ్ పెట్టుకునే ప్లాస్మా లైటర్, మంట బదులు కరెంటు మెరుపుతో ముట్టించేది, ఎలా ఉంటుంది? గ్యాస్ గోల ఉండదు కదా.

జవాబు: టెంట్ దగ్గరే కారు ఉండే క్యాంపింగ్‌కైతే సరే. నడక ప్రయాణానికి వద్దు. బ్యాటరీ చలికి నీరసిస్తుంది, ఫోన్‌తో పాటు దీనికీ పవర్ బ్యాంక్ కావాలి. మెరుపు వచ్చే సందు కూడా చాలా ఇరుకు. సన్నటి పుల్లో, కాగితం అంచో తప్ప ఏదీ అందులో దూరదు.

ప్రశ్న: మెగ్నీషియం దిమ్మ కొన్నాను. దాన్ని గీకి, వచ్చిన తురుమును రవ్వతో ముట్టించాలి కదా. ఆ తురుము గాలికి ఎగిరిపోతోంది.

జవాబు: ఎగిరిపోతుంది మరి. చెంచాడు తురుము రావడానికే చాలాసేపు గీకాలి, చల్లటి గాలిలో ఆ ఓపిక ఎవరికీ ఉండదు. ఒక ఆకు మీదో, జిగురు టేపు ముక్క మీదో గీకితే నిలుస్తుంది. మండితే మహా వేడి, అందులో సందేహం లేదు. కానీ వాజెలిన్ దూది చేసే పనికి ఇంత కష్టం ఎందుకని నా అభిప్రాయం.

ప్రశ్న: పూర్వం మనుషులు లైటర్లు లేకుండానే అడవుల్లో బతికారు కదా. నేను ఈసారి చెకుముకి, ఉక్కు ముక్క మాత్రమే తీసుకుని ఒంటరిగా వెళ్దామనుకుంటున్నాను. మీ సలహా?

జవాబు: నేర్చుకోవాలన్న మీ ఇష్టం నాకు నచ్చింది. ఆ విద్యను నేనూ ప్రేమిస్తాను. ఒంటరిగా, అదొక్కటే పెట్టుకుని వెళ్లడం మాత్రం వద్దు.

చెకుముకితో కొట్టినప్పుడు మండేది రాయి కాదు, రాయి అంచు చెక్కేసిన ఉక్కు తురుము. కార్బన్ ఎక్కువున్న గట్టి ఉక్కు అయితేనే వస్తుంది. ఆ రవ్వ ఫెర్రో రాడ్ రవ్వకంటే చాలా చల్లనిది, దాన్ని పట్టుకోవడానికి మామూలు దూది చాలదు. గాలి తగలని డబ్బాలో నూలుగుడ్డను మాడ్చి చేసే నల్లటి గుడ్డ కావాలి. దాని మీద రవ్వ పడితే మంట రాదు, ఎర్రటి చుక్క మెల్లగా పాకుతుంది. దాన్ని పీచు గూట్లో పెట్టి ఊదితే అప్పుడు మంట. ఇన్ని మెట్లున్న పనిలో ఒక్క మెట్టు తడిసినా అంతా పోతుంది.

పూర్వపు మనుషుల సంగతికి వస్తే, వాళ్లు ఒక్కదాన్ని నమ్ముకుని తిరగలేదు. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన ఓట్జీ అనే మనిషి దాదాపు 5300 ఏళ్ల కిందటివాడు. అతని నడుము సంచిలో రవ్వ పట్టే పుట్టగొడుగు ఉంది, దాని మీద రవ్వలు పుట్టించే పైరైట్ ఆనవాళ్లున్నాయి. అది కాకుండా బెరడుతో చేసిన డబ్బా ఒకటి ఉంది. అందులో మేపుల్ ఆకుల మధ్య బొగ్గు ముక్కలు దొరికాయి. కణకణలాడే నిప్పునే వెంట మోసుకెళ్లడానికి చేసుకున్న ఏర్పాటు అది. మంచు కొండ దాటే మనిషి నిప్పు పుట్టించే దారి ఒకటి, పుట్టిన నిప్పును కాపాడుకునే దారి ఒకటి, రెండూ పెట్టుకున్నాడు. మీరు చెకుముకితో పాటు జేబులో ఒక లైటర్ పెట్టుకుంటే అతని పద్ధతిలో నడిచినట్టే. మొదట చెకుముకితో ప్రయత్నించండి. చీకటి పడకముందే, ఒంట్లో వేడి ఉండగానే లైటర్ తియ్యండి. శరీరం వేడి 35 డిగ్రీల కిందికి దిగితే వణుకు ఎక్కువై, ఆలోచన కూడా మందగిస్తుంది. ఇక చాలు, లైటర్ తీద్దాం అన్న నిర్ణయం అప్పుడు తోచకపోవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. స్కూలు వాళ్లు క్యాంప్‌కు తీసుకెళ్తున్నారు. ఫెర్రో రాడ్ కొనిపెట్టమని ఒకటే పేచీ. కొనాలా వద్దా?

జవాబు: కొనండి, కానీ క్యాంప్‌కు పంపడానికి కాదమ్మా, మీ ఎదురుగా నేర్పడానికి. నేర్చుకునే పిల్లలకు లైటర్ కంటే రాడ్ మంచిదని నా నమ్మకం. అందులో ఇంధనం ఉండదు, జేబులో దానంతట అది వెలగదు. చెయ్యి ఆపితే రవ్వ ఆగుతుంది. నిప్పు రావడానికి దూది ఎందుకు, గాలి ఎందుకు, పుల్లలు ఎందుకు సన్నగా ఉండాలో అన్నీ తెలుసుకోక తప్పదు.

రవ్వ చిన్నదే అయినా దాని వేడి చిన్నది కాదు. జుట్టు ముడి వెయ్యండి. పాలిస్టర్ బట్టలు కరిగి చర్మానికి అతుక్కుంటాయి, నూలు బట్టలు వెయ్యండి. కళ్లకు అద్దాలు పెట్టండి. పక్కన బకెట్ నీళ్లు ఉంచండి. ఎండుగడ్డి లేని నేల మీద కూర్చోబెట్టండి. మొదటి మంట రాగానే ఆర్పడం కూడా ఆ అమ్మాయి చేతే చేయించండి.

క్యాంప్‌కు మాత్రం స్కూలు వాళ్లు ఏది తెమ్మంటే అదే పంపండి. పాప దగ్గర తప్పకుండా ఉండాల్సినవి ఈల, టార్చ్, తడవని జాకెట్. దారి తప్పిన పిల్లలకు నిప్పు కంటే ముందు అక్కరకొచ్చేవి అవే.

ప్రశ్న: విమానంలో ఇవన్నీ తీసుకెళ్లనిస్తారా?

జవాబు: గ్యాస్ సిలిండర్, లైటర్‌లో నింపే ఇంధనం ఏ బ్యాగులోనూ కుదరవు. ఎక్కడైనా గీస్తే వెలిగే అగ్గిపుల్లలూ నిషేధమే. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం ఐఏటీఏ నియమాల ప్రకారం చిన్న లైటర్ కానీ, ఒక సేఫ్టీ అగ్గిపెట్టె కానీ మనిషి ఒంటి మీద ఉంచుకోవచ్చు, బ్యాగుల్లో పెట్టకూడదు. అయితే కొన్ని దేశాల్లో భద్రతా సిబ్బంది అది కూడా ఒప్పుకోరు. ఫెర్రో రాడ్ గురించి ఒక్కోచోట ఒక్కో మాట చెబుతారు. టికెట్ ఇచ్చిన సంస్థను ముందే అడగండి. లైటర్ అయితే దిగాక కొనుక్కోవడమే సుఖం, అది దొరకని ఊరు ఉండదు.

ప్రశ్న: లైటర్ ఉంది, రాడ్ ఉంది, వాజెలిన్ దూది కూడా పట్టుకెళ్లాం. అయినా రాత్రంతా వాన కురిసిన అడవిలో మంట నిలవలేదు. దూది మండి ఆరిపోయింది, పుల్లలు నల్లబడ్డాయి, అంతే. ఇంకా ఖరీదైన సాధనం కొనాలా?

జవాబు: కొనవద్దు. మీ సాధనం దాని పని చేసింది. లోపం దాని తర్వాతి మెట్టులో ఉంది.

వాన తర్వాత నేల మీద పడి ఉన్న పుల్లలు ఏరకండి, అవి లోపలి దాకా నీళ్లు తాగి ఉంటాయి. చెట్టుకే ఎండిపోయి వేలాడే సన్నటి కొమ్మలు చూడండి. విరిస్తే టక్కుమనాలి. వంగితే పచ్చిదో తడిదో అని అర్థం. (పచ్చి చెట్టు కొమ్మలు నరకవద్దు. అవి ఎలాగూ మండవు, చెట్టుకు గాయం మిగులుతుంది.) మణికట్టంత లావు ఎండు కొమ్మ దొరికితే చీల్చండి. బయట ఎంత తడిసినా మధ్యలో పొడి చెక్క ఉంటుంది. ఆ పొడి చెక్కను కత్తితో సన్నటి పొరలుగా, చివర ఊడిపోకుండా చెక్కితే కర్రకు ఈకలు మొలిచినట్టు ఉంటుంది. ఆ పొరలు లైటర్ మంటకు వెంటనే పట్టుకుంటాయి. దేవదారు, పైన్ లాంటి చెట్ల మొద్దుల్లో జిగురు పట్టిన చెక్క కనబడితే మీ పంట పండినట్టే. వానలో కూడా నల్లటి పొగతో మండుతుంది.

పుల్లల్ని మూడు రకాలుగా వేరు చేసి పెట్టుకున్నాకే దూది వెలిగించండి. అగ్గిపుల్లంత లావువి రెండు గుప్పిళ్లు, పెన్సిల్ అంతవి ఇంకా ఎక్కువ, బొటనవేలంతవి ఒక చంకెడు. మీ మంట ఆరిపోయింది బహుశా దూది నుంచి నేరుగా బొటనవేలంత పుల్లలకు దూకాలని చూసినందువల్లే. తడి నేల మీద నేరుగా పేర్చకండి. నాలుగు కర్రలు పక్కపక్కన పరిచి వాటి మీద పేర్చండి, లేకపోతే కిందినుంచి చెమ్మ లాగేస్తుంది. మొదటి అయిదు నిమిషాలు ఒకరు గాలికి అడ్డంగా కూర్చోవాలి. పుల్లల్ని ఒక్కసారే మీద పోయకండి.

చలికి ఎంత వణుకుతున్నా మంటను కానీ స్టవ్‌ను కానీ మూసిన టెంట్ లోపలికి తీసుకెళ్లకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నిప్పు నిషేధించిన అడవిలో, ఎండాకాలపు గాలి రోజుల్లో, ఎంత మంచి లైటర్ ఉన్నా స్టవ్‌తోనే సరిపెట్టుకోండి. స్టవ్ కూడా వద్దంటే వండనక్కర్లేని తిండి తీసుకెళ్లండి. మంట వేసిన రోజు లేచే ముందు నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, బూడిదలో చెయ్యి పెట్టగలిగేంత చల్లబడే వరకు అక్కడే ఉండండి.

ప్రశ్న: ఇంటికొచ్చాక ఈ సామాన్లు ఎలా దాచాలి?

జవాబు: రాడ్ తుడిచి నూనె పూయండి. దూది ఉండలు డబ్బాలోనే ఉంచవచ్చు, పాడవవు. అగ్గిపుల్లలు చెమ్మ పీల్చాయేమో ప్రతి ప్రయాణానికి ముందు ఒకటి గీసి చూడండి. లైటర్‌లో గ్యాస్ సగానికి దిగితే ఇంట్లో వాడుకోవడానికి ఇచ్చేసి కొత్తది సంచిలో వెయ్యండి. ఎండలో నిలిపిన కారులో, ముఖ్యంగా డ్యాష్‌బోర్డు మీద లైటర్ వదలకండి. 50 డిగ్రీలు దాటిన చోట ఉంచవద్దని దాని మీదే రాసి ఉంటుంది, ఎండలో మూసిన కారు లోపల అంత వేడి తేలిగ్గా వచ్చేస్తుంది.